గెలిచినవారు ఇంట్లో, ఆడనివారు బరిలో: కాలేజ్ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ కమిషనర్లకు బహిరంగ లేఖ

సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ కమిషనర్ గ్రెగ్ శాంకీ గారికి, బిగ్ టెన్ కమిషనర్ టోనీ పెటిటీ గారికి, అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ కమిషనర్ జిమ్ ఫిలిప్స్ గారికి, బిగ్ 12 కమిషనర్ బ్రెట్ యోర్‌మార్క్ గారికి నమస్కారాలు.

వాషింగ్టన్ రాష్ట్రానికి తూర్పు కొసన, గోధుమ చేలు కప్పుకున్న గుట్టల నడుమ ఉండే పుల్మన్ అనే చిన్న ఊళ్లో నేను ఎం.ఎస్. చదివాను. హైదరాబాద్ నుంచి వచ్చిన నాకు ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేదేనన్న నమ్మకం ఉండేది, బంతిని చేత పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ తెలియదు. తోటి విద్యార్థులు నన్ను మొదటి ఏడాదే స్టేడియానికి లాక్కుపోయారు. నాలుగో డౌన్ అంటే ఏమిటో బోధపడడానికి ఒక సీజన్ పట్టింది గానీ, ఆ తర్వాత ఇన్నేళ్లలో శరత్కాలపు శనివారాల్లో నేను వేరే పని పెట్టుకున్నది తక్కువ. ఈ లేఖను తెలుగులో రాయడం చూసి మీకు ఆశ్చర్యం కలగవచ్చు. జాతీయ విజేతను తేల్చే మీ ప్లేఆఫ్ పోటీ కార్యాలయం ఉన్న టెక్సస్‌లోని అర్వింగ్ నగరంలోనూ దాని చుట్టుపక్కలా తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మీ కాన్ఫరెన్స్‌ల్లో, అంటే తమలో తాము ఆడుకునే జట్ల కూటముల్లో, ఉన్న విశ్వవిద్యాలయాల్లో మా పిల్లలు చదువుతున్నారు, ఆటలు చూస్తున్నారు, ఫీజులు కడుతున్నారు. వారితోపాటు వారి తల్లిదండ్రులకూ ఈ వ్యవహారం అర్థం కావాలన్నది నా ఉద్దేశం. అందువల్ల మీకు తెలిసిన సంగతులు కూడా కొన్ని చెప్పవలసి వస్తుంది, మన్నించండి.

నేరుగా విషయానికి వస్తాను. 2025 డిసెంబర్ 6న షార్లెట్‌లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ చాంపియన్‌షిప్ గేమ్, అంటే పట్టికలో మొదటి రెండు జట్లు ఆడే టైటిల్ ఆట, జరిగింది. వర్జీనియాను డ్యూక్ ఓవర్‌టైమ్‌లో 27-20తో ఓడించి టైటిల్ గెలుచుకుంది. అయితే ఆ ఆటకు వచ్చేసరికే డ్యూక్ ఆ సీజన్‌లో ఐదు ఆటలు ఓడిపోయి ఉంది. కాన్ఫరెన్స్ పట్టికలో వర్జీనియా తర్వాత ఐదు జట్లు ఆరు గెలుపులు, రెండు ఓటములతో సమానంగా నిలిచాయి. వాటిలో ఎవరు ఎవరిని ఓడించారన్న లెక్కతో ముడి విడలేదు. చివరికి ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారన్న శాతాలు తీసి డ్యూక్‌ను పంపారు. మొత్తం మీద రెండే ఆటలు ఓడిన మయామి ఇంట్లో కూర్చుంది. ఆ సీజన్‌లో డ్యూక్, మయామి ఒకదానితో ఒకటి తలపడనే లేదు. మర్నాడు సెలక్షన్ కమిటీ ర్యాంకింగ్‌తో పన్నెండు జట్ల ప్లేఆఫ్ జాబితా వచ్చింది. ర్యాంకింగ్‌లో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ విజేతలకే చోటు ఖాయం కాబట్టి, చిన్న కాన్ఫరెన్స్‌ల నుంచి వచ్చిన టులేన్, జేమ్స్ మాడిసన్ లోపలికి వెళ్లాయి, డ్యూక్ బయటే మిగిలింది. టైటిల్ ఆటలో అడుగే పెట్టని మయామి మాత్రం పదో స్థానంతో ప్లేఆఫ్‌లో చేరి జాతీయ ఫైనల్ వరకూ వెళ్లింది. అక్కడ ఇండియానా చేతిలో 27-21తో ఓడింది.

ఇందులో డ్యూక్ తప్పు లేదు, మయామి తప్పూ లేదు. ఐదు ఓటముల జట్టుకు ప్లేఆఫ్‌లో చోటు ఇవ్వనందుకు సెలక్షన్ కమిటీని తప్పుపట్టడం కూడా కష్టమే. ఒక కాన్ఫరెన్స్ తన విజేతను తానే నమ్మలేని స్థితికి ఎలా చేరిందన్నదే నా ప్రశ్న. 17 జట్లను పోగుచేసి, ఒక్కో జట్టుతో ఎనిమిదేసి కాన్ఫరెన్స్ ఆటలు ఆడించి, మిగిలిన సగాన్ని గణితానికి వదిలేస్తే ఫలితం ఇలాగే వస్తుంది. ఆ 17 జట్లను పోగుచేసింది మీరు.

చాంపియన్‌షిప్ గేమ్ పుట్టుక గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. పన్నెండు జట్లున్న కాన్ఫరెన్స్ రెండు డివిజన్లుగా చీలితే అదనంగా ఒక ఆట ఆడుకోవచ్చన్న నిబంధన 1987లో వచ్చింది. దాన్ని కోరుకున్నవి కింది స్థాయి చిన్న కాన్ఫరెన్స్‌లు, వాడుకున్నది మాత్రం శాంకీ గారి కాన్ఫరెన్స్. అప్పటి కమిషనర్ రాయ్ క్రేమర్ ఆ వాక్యంలోని అవకాశాన్ని పట్టుకుని, ఆర్కన్సా, సౌత్ కరోలినాలను చేర్చుకుని, 1992లో బర్మింగ్‌హామ్‌లో మొదటి ఆట పెట్టించారు. అజేయంగా ఉన్న అలబామాకు ఈ అదనపు ఆట ఉరితాడు అవుతుందని చాలామంది భయపడ్డారు. నాలుగో క్వార్టర్ చివర్లో స్కోరు 21-21 ఉండగా ఫ్లోరిడా విసిరిన బంతిని ఆంటోనియో లాంగమ్ మధ్యలో అందుకుని ఎండ్‌జోన్ దాకా పరుగెత్తాడు. 28-21తో గెలిచిన అలబామా ఆ తర్వాత జాతీయ టైటిల్ కూడా తీసుకుంది. ఆ ఆటలో ఇరుపక్షాలూ పోగొట్టుకోవడానికి ఏదో ఉంది. తూర్పున ఎవరు మొదటివారో, పడమర ఎవరు మొదటివారో అందరికీ తెలుసు. వారిద్దరూ ఒకచోటికి వచ్చారు, ఒకరే మిగిలారు. ఆ ఆటకు విలువ వచ్చింది అందువల్లే. విలువ వచ్చింది కాబట్టే టీవీ వారు డబ్బులిచ్చారు, మిగతా కాన్ఫరెన్స్‌లు అనుకరించాయి. క్రమం అది. ఇప్పుడు మీరు డబ్బును ముందు పెట్టి విలువ తర్వాత వస్తుందిలే అనుకుంటున్నారు.

విలువ ఒక్కరోజులో పోలేదు. 2023 సీజన్ వరకు ప్లేఆఫ్‌లో నాలుగే చోట్లు ఉండేవి. 2022 డిసెంబర్‌లో పసిఫిక్ తీరపు కాన్ఫరెన్స్ టైటిల్ ఆటలో యూటా చేతిలో 47-24తో ఓడిన యూఎస్‌సీ నాలుగో ర్యాంకు నుంచి జారిపోయి ప్లేఆఫ్ చోటు పోగొట్టుకుంది. ఆ వారాంతంలోనే బిగ్ 12 టైటిల్ ఆటలో కాన్సస్ స్టేట్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడిన టీసీయూ మూడో స్థానంలోనే నిలిచింది. యూఎస్‌సీ ఖాళీ చేసిన చోటు, ఏ టైటిల్ ఆటా ఆడకుండా ఇంట్లో టీవీ చూస్తున్న ఒహాయో స్టేట్‌కు దక్కింది. ఓటమి తేడాలను బట్టి ఇవి సమర్థించుకోదగిన నిర్ణయాలే కావచ్చు. మరుసటి ఏడాది జరిగినదాన్ని సమర్థించడం నాకు మాత్రం సాధ్యం కాలేదు. ఫ్లోరిడా స్టేట్ పదమూడు ఆటలూ గెలిచింది. బంతి విసిరి దాడిని నడిపే ప్రధాన క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి గాయమైతే, మూడో వరుస కుర్రాడితో బరిలోకి దిగి లూయివిల్‌ను 16-6తో ఓడించి కాన్ఫరెన్స్ విజేత అయింది. అయినా నాలుగు జట్ల జాబితాలో దానికి చోటు దొరకలేదు. ఒక పెద్ద కాన్ఫరెన్స్ నుంచి అజేయంగా వచ్చిన విజేతను పక్కన పెట్టడం ఆ పద్ధతి మొదలయ్యాక అదే మొదటిసారి. గెలిచిన ఆటకంటే రేపు గెలుస్తారా అన్న ఊహకే ఎక్కువ తూకం ఉంటుందని ఆ రోజు తేలింది.

పన్నెండు జట్ల ప్లేఆఫ్ వస్తే ఈ బాధ తీరుతుందని 2024లో అందరం అనుకున్నాం. ర్యాంకింగ్‌లో ముందున్న నలుగురు విజేతలకు మొదటి రౌండ్ నుంచి విశ్రాంతి ఇచ్చారు. ఆరెగాన్, జార్జియా, బాయ్సీ స్టేట్, అరిజోనా స్టేట్, ఆ నాలుగూ తమ మొదటి ఆటలోనే ఓడిపోయాయి. జార్జియా సంగతి మరీ కష్టం. టెక్సస్‌పై ఓవర్‌టైమ్‌లో టైటిల్ గెలిచిన ఆటలోనే దాని క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ మోచేతికి గాయమై సీజన్ ముగిసిపోయింది. గెలిచిన జార్జియా క్వార్టర్‌ఫైనల్‌లో ఆగితే, ఓడిన టెక్సస్ సెమీఫైనల్‌కు చేరింది. మిషిగన్ చేతిలో ఓడి బిగ్ టెన్ టైటిల్ ఆటకు దూరమైన ఒహాయో స్టేట్ జాతీయ విజేత అయింది. ఒక కోచ్ స్థానంలో నిలబడి ఆలోచించండి: ఈ ఆట గెలిస్తే ఏం వస్తుందని ఆటగాళ్లకు చెప్పాలి? ఓడితే ఏం పోతుందని చెప్పాలి? 2025లో అలబామా టైటిల్ ఆటలో జార్జియా చేతిలో 28-7తో ఓడినా తొమ్మిదో ర్యాంకు నుంచి ఒక్క మెట్టు కూడా దిగలేదు. అదే రోజు టెక్సస్ టెక్ చేతిలో 34-7తో ఓడిన బీవైయూ మాత్రం ఒక మెట్టు దిగి బయటికి పోయింది. రెండూ ఘోరమైన ఓటములే. ఒకదాన్ని లెక్కలోకి తీసుకోకుండా మరొకదాన్ని తీసుకోవడానికి ఆధారమేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఈ కాన్ఫరెన్స్‌లు ఇలా ఉబ్బిపోయిన తీరు. 1984లో ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు వేసిన కేసులో టీవీ ప్రసారాలపై కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అది న్యాయమైన తీర్పే అనుకుంటాను. కానీ ఆ రోజు నుంచి కాన్ఫరెన్స్ అన్న మాటకు అర్థం నెమ్మదిగా మారింది. మన రంజీ ట్రోఫీలో ఒకప్పుడు హైదరాబాద్, ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు, కేరళ దక్షిణ మండలంలో ముందు తమలో తాము ఆడుకునేవి. కాన్ఫరెన్స్ కూడా దాదాపు అలాంటి ఏర్పాటే: దగ్గర దగ్గర ఊళ్ల విశ్వవిద్యాలయాలు, ఏటా అవే ముఖాలు, ఏటా అవే పగలు. అది ఇప్పుడు ప్రసార హక్కులను గంపగుత్తగా అమ్మే సంస్థ అయింది. 2021లో టెక్సస్, ఓక్లహోమా బిగ్ 12ను వీడతామన్నాయి. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ పసిఫిక్ కాన్ఫరెన్స్‌ను వదిలి బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. ఆ ఆగస్టులో బిగ్ టెన్ ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ప్రసార ఒప్పందం చేసుకుంది. తర్వాతి వేసవిలో పసిఫిక్ కాన్ఫరెన్స్ నుంచి కొలరాడో కూడా వెళ్లింది. 2023 ఆగస్టు 4న ఒక్కరోజులో ఆరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా వెళ్లిపోయాయి. సెప్టెంబర్ 1న పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ జట్లు అట్లాంటిక్ తీరం పేరున్న కాన్ఫరెన్స్‌లో చేరాయి. పద్దెనిమిది జట్లున్నదాన్ని బిగ్ టెన్ అని, పదహారు జట్లున్నదాన్ని బిగ్ 12 అని పిలుస్తున్న కాలంలో ఈ పేరును మాత్రం తప్పుపట్టి ఏం లాభం?

1915లో పుట్టిన ఆ పసిఫిక్ కాన్ఫరెన్స్‌లో చివరికి రెండు జట్లు మిగిలాయి. ఒకటి కోర్వాలిస్‌లోని ఆరెగాన్ స్టేట్, రెండోది నేను చదువుకున్న పుల్మన్‌లోని వాషింగ్టన్ స్టేట్. వెళ్లిపోయినవారు బోర్డు తమ చేతిలో ఉండాలన్నారు, మిగిలిన ఇద్దరూ కోర్టుకు వెళ్లి గెలిచి ఖాళీ ఇంటి తాళంచెవులు దక్కించుకున్నారు. 2023 డిసెంబర్ 1న లాస్ వేగాస్‌లో ఆ కాన్ఫరెన్స్ ఆఖరి టైటిల్ ఆటలో వాషింగ్టన్ 34-31తో ఆరెగాన్‌ను ఓడించింది. గెలిచిన జట్టు ప్లేఆఫ్‌కు వెళ్లింది, ఓడిన జట్టు వెళ్లలేదు. ఇన్నేళ్లలో నేను చూసిన టైటిల్ ఆటల్లో ఇంత స్పష్టంగా ఉన్నది మరొకటి లేదు. అప్పటికే ఆ కాన్ఫరెన్స్ చావు తేదీ ఖరారై ఉంది. 1900లో మొదలైన వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ పోరు ఏళ్ల తరబడి నవంబర్ చివర్లో, చలిలో, సీజన్ మొత్తాన్ని తేల్చే ఆటగా సాగింది. 2024లో అది సెప్టెంబర్‌కు మారింది. ఆ ఏడాది సియాటిల్‌లో మా జట్టు 24-19తో గెలిచింది కూడా. మండుటెండలో, టీషర్ట్ వేసుకుని, ఏ పట్టికలోనూ స్థానం మార్చని ఆ గెలుపుకు కేకలు వేస్తూ నేను పొందిన సంతోషంలో సగం మొండితనమే. అటు ఓక్లహోమాలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జరిగే పోరు 2023తో ఆగిపోయింది. టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం పోరు మాత్రం పన్నెండేళ్ల విరామం తర్వాత 2024లో మీ మార్పుల పుణ్యాన తిరిగి వచ్చింది, అది ఒప్పుకోవాలి.

ఈ మార్పులను వెనక్కి తిప్పమని నేను అడగడం లేదు. ఒప్పందాలు సంతకాలయ్యాయి, జరిమానాలు కట్టారు, ఆటగాళ్లకు విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు చెల్లించే పద్ధతి 2025 జూలై నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి ఖర్చులూ పెరిగాయి. ఆటగాళ్లకు దక్కుతున్న ఆ డబ్బు న్యాయమైనదే, చాలా ఆలస్యంగా వచ్చింది. నా అభ్యంతరమల్లా తర్వాత మీరు వేయబోయే అడుగు గురించి. కొత్త ప్లేఆఫ్ ఒప్పందంలో బిగ్ టెన్‌కు, సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌కు చెరో 29 శాతం వరకు ఆదాయం రాసుకున్నారు, ప్లేఆఫ్ స్వరూపంపై అసలు పట్టు కూడా ఆ రెండింటి చేతికే వచ్చింది. ఆ పట్టుతో బయటికి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటి? పదహారు జట్లలో మీ ఇద్దరికీ నాలుగేసి చోట్లు, మిగిలిన ఇద్దరికీ రెండేసి, చిన్నవాటన్నిటికీ కలిపి ఒకటి, సీజన్ మొదలుకాకముందే పంచేయడం. ఆపైన టైటిల్ వారాంతంలో మూడో జట్టుకు ఆరో జట్టుతో, నాలుగో జట్టుకు ఐదో జట్టుతో అర్హత పోటీలు పెట్టడం. ఇరవై నాలుగు జట్ల నమూనా ఒకటి చర్చకు వచ్చింది, అందులో టైటిల్ ఆటలే ఉండవు.

పెటిటీ గారూ, మీ వాదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆరో స్థానంలో ఉన్న జట్టు అభిమానికి కూడా నవంబర్‌లో ఆశ ఉండాలన్నది మీ మాట. పదమూడు మంది గదిలో కూర్చుని తేల్చేదానికన్నా మైదానంలో తేలడం మేలన్నదీ మీ మాటే. రెండో మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఆ మాట నిజమైతే మొదటే నాలుగు చోట్లు రాసిపెట్టుకోవడం ఎందుకు? పెళ్లికి పిలవకముందే విస్తళ్లు పంచుకున్నట్టుంది. ఒక ఏడాది మీ కాన్ఫరెన్స్‌లో ఐదు గొప్ప జట్లు ఉండవచ్చు, మరో ఏడాది రెండే ఉండవచ్చు. ఆ రెండో ఏడాది మీ నాలుగో జట్టు ఎవరి చోటులో కూర్చున్నట్టు?

మైదానంలోనే తేల్చాలంటే దానికి దారి మీ చేతిలోనే ఉంది: డివిజన్లు. బిగ్ టెన్‌లో పద్దెనిమిది జట్లు, తొమ్మిదేసి కాన్ఫరెన్స్ ఆటలు. తొమ్మిది జట్ల డివిజన్లు రెండు చేస్తే, ప్రతి జట్టూ తన డివిజన్‌లోని ఎనిమిది జట్లతోనూ ఆడి, అవతలివైపు ఒక్క జట్టుతో ఆడవచ్చు. లెక్క సరిగ్గా అతుకుతుంది. యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, ఆరెగాన్, వాషింగ్టన్, నెబ్రాస్కా, అయోవా, మిన్నెసోటా, విస్కాన్సిన్, ఇలినాయ్ ఒక వైపు ఉంటాయి, మిగిలినవి మరోవైపు. ఇలినాయ్, నార్త్‌వెస్టర్న్ పాత పోరు పోకుండా ఆ ఒక్క బయటి ఆటను వాటికి శాశ్వతంగా కేటాయించవచ్చు. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ 2026 నుంచి ఎనిమిది బదులు తొమ్మిది కాన్ఫరెన్స్ ఆటలకు మారుతోంది కనుక, ఎనిమిదేసి జట్ల రెండు డివిజన్లలో ఏడు లోపలి ఆటలు, రెండు బయటి ఆటలు పట్టిపోతాయి. పదిహేడు జట్ల ఫిలిప్స్ గారికి చీలిక అంత సుఖంగా కుదరదు, అయినా ప్రత్యర్థుల గెలుపు శాతాలు తీసి ఫైనలిస్టును పంపడంకంటే ఏదైనా మెరుగే.

దీనికి మీ జవాబు నాకు తెలుసు. డివిజన్లు ఒకవైపుకు ఒరిగిపోతాయంటారు. నిజమే. 2014 నుంచి 2023 వరకు బిగ్ టెన్ టైటిల్ ఆటలు పది జరిగితే పదీ తూర్పు డివిజనే గెలిచింది. పడమర నుంచి వచ్చిన జట్టు ఏటా ఇండియానాపొలిస్‌కు దండ వేయించుకోవడానికి వచ్చిన మేకపిల్లలా ఉండేది. కానీ అప్పుడు పడమర ఆరెగాన్, యూఎస్‌సీ, వాషింగ్టన్ లేవు. అంతకన్నా ముఖ్యం, అప్పుడు ఎవరు ఎందుకు అక్కడికి వచ్చారో ఎవరూ కాలిక్యులేటర్ తీయకుండా చెప్పగలిగేవారు. మంచి జట్టు రెండో స్థానంలో ఉండి టైటిల్ ఆటకు రాలేకపోవడం అన్యాయమనిపిస్తే, దానికోసమే కదా ప్లేఆఫ్‌లో మిగతా చోట్లు ఉన్నాయి. రాష్ట్రాలు దాటే పెద్ద పోరాటాలు తగ్గుతాయని టీవీ వారు గొణగవచ్చు. యూఎస్‌సీ, ఒహాయో స్టేట్ అక్టోబర్‌లో ఆడితే ఒక మంచి శనివారం అవుతుంది. డిసెంబర్‌లో ఒక చోటు కోసం ఆడితే ఏమవుతుందో ప్రసార సంస్థలకు మీరే చెప్పగలరు.

2026 నుంచి నాలుగు పెద్ద కాన్ఫరెన్స్‌ల విజేతలకు ర్యాంకుతో పని లేకుండా చోటు ఇస్తామన్నారు. మంచిదే. అయితే శాతాల లెక్కతో వచ్చిన ఫైనలిస్టు గెలిచి ఆ చోటు తీసుకుంటే, దానివల్ల బయటపడ్డ జట్టు ముందు మీరు మళ్లీ ఇదే సంజాయిషీ చెప్పుకోవాలి. డివిజన్లు లేని హామీ సగం పనే. రెండో సగం ఓడినవారి సంగతి. టైటిల్ ఆటలో ఓటమి ర్యాంకును తగ్గిస్తుందా, తగ్గించదా? తగ్గిస్తే ఎంత? ఇది కమిటీ గదిలో డిసెంబర్ మొదటి ఆదివారం పొద్దున తేలే విషయం కాకూడదు. తగ్గించదని మీరు నిర్ణయిస్తే కోచ్‌లు తమ ముఖ్యమైన ఆటగాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టే రోజు వస్తుంది, దానికి సిద్ధపడాలి. తగ్గిస్తుందంటే అలబామాకూ బీవైయూకూ ఒకే కొలబద్ద ఉండాలి. నా ఓటు తగ్గించడానికే. ఆడి ఓడడంలో నష్టం లేకపోతే ఆ టికెట్ కొనుక్కుని అట్లాంటా దాకా వచ్చిన కుటుంబం చూసింది ప్రదర్శన మ్యాచే.

ఒక మాట వాలీబాల్, సాఫ్ట్‌బాల్, టెన్నిస్ ఆడే పిల్లల గురించి. ఫుట్‌బాల్ జట్టు వారానికి ఒకసారి ప్రత్యేక విమానంలో వెళ్లి వస్తుంది. వారం మధ్యలో లాస్ ఏంజెలిస్ నుంచి న్యూజెర్సీకి, బర్క్‌లీ నుంచి బోస్టన్‌కు వెళ్లి వచ్చి ఉదయాన్నే పరీక్ష రాయవలసింది ఈ పిల్లలు. ఫుట్‌బాల్‌ను ఒక ఒప్పందంలో ఉంచి, మిగతా ఆటలను పాత ప్రాంతీయ కాన్ఫరెన్స్‌లకు తిరిగి పంపడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ పని చేయడానికి టీవీ అనుమతి కూడా పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే టీవీకి అవి పెద్దగా అక్కర్లేదు.

నేను ప్రస్తుతం కోరుతున్నది చిన్నదే. సీజన్ మొదటి ఆటకు ముందు, ఆగస్టులో, నాలుగు కాన్ఫరెన్స్‌లూ కలిసి ఒక పేజీ ప్రకటించండి. టైటిల్ ఆటకు ఇద్దరు ఎలా ఎంపికవుతారు, సమమైతే వరుసగా ఏ కొలమానాలు వాడతారు, ఆ ఆటలో ఓడినవారి స్థానం ఎలా లెక్కిస్తారు, చోట్లలో ఎన్నింటిని ముందే కేటాయించుకున్నారు. ఆ పేజీ కింద మీ నలుగురి సంతకాలు ఉండాలి. వాషింగ్టన్ స్టేట్, బాయ్సీ స్టేట్ వంటి ఎనిమిది జట్లతో 2026లో మళ్లీ ఊపిరి పోసుకుంటున్న పసిఫిక్ కాన్ఫరెన్స్ విజేతకు అందులో ఏ దారి ఉందో కూడా రాయండి. దారి ఇరుకైనా పరవాలేదు, ఉందో లేదో ముందే తెలిస్తే పుల్మన్‌కు కారులో ఐదు గంటలు ప్రయాణం చేసేటప్పుడు మా పిల్లలకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను.

ఇట్లు,
పుల్మన్ పూర్వ విద్యార్థి, సియాటిల్‌లో ఉంటున్న ఒక తెలుగు ప్రేక్షకుడు